చాపెల్ మిస్ అయ్యాను

మా అక్క కూతురు యెర్నేయకు చిన్నప్పటి నుంచీ నత్తి. ‘పాలు’ అనబోయి ‘ప’ దగ్గరే గొంతు బిగుసుకుపోతే, ఆ మాటను అక్కడే వదిలేసి ‘తెల్లది కావాలి’ అనేది. ‘కుక్క’ అన్న మాట నోట పలక్కపోతే ‘మొరిగేది వచ్చింది’ అనేది. తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. అలా అలా ఆ పిల్ల ప్రతి మాటకూ పక్కన మరో రెండు మాటలు సిద్ధంగా పెట్టుకుని పెరిగింది. చదువయ్యాక ల్యూబ్లియానాలో నిఘంటువు తయారుచేసే ఆఫీసులో కుదిరింది. ఇంగ్లీషు మాటలకు మా స్లొవేనియన్‌లో అర్థాలు రాయడం ఆమె పని. అక్కడ ఎవరితోనూ గబగబా మాట్లాడక్కర్లేదు. ఆ ఉద్యోగం తన కూతురి కోసమే పుట్టిందని మా అక్క మురిసిపోయింది.

నేను సోచా నది పైనున్న కొండల్లో ఒక విడిది నడుపుతాను. కొండలెక్కే వాళ్ళకు పడక, వేడి తిండి, వాళ్ళ బూట్లు ఆరబెట్టుకోవడానికి పొయ్యి పక్కన చోటు. ఆ ఏడు సెప్టెంబరులో యెర్నేయ సెలవు పెట్టి నా దగ్గరికి వచ్చింది. సెలవన్న మాటే గానీ సంచీ నిండా కాగితాలు తెచ్చుకుంది. పొద్దున్నే పొయ్యి పక్క బల్ల మీద వాటిని పరిచి కూర్చునేది.

“ఏంటే అది, అంత రాస్తున్నావ్?” అనడిగాను ఒకరోజు.

“మ... మిస్” అంది.

“మిస్సా? పెళ్ళికాని పిల్లల పేరు ముందు పెడతారు, అదా?”

“కాదు పిన్నీ, క్రియ. బస్సు మిస్, గురి మిస్, మనిషిని మిస్. వాళ్ళకి అన్నిటికీ ఒ... ఒకటే మాట. మనకి దేనికది వేరు.”

ఆ మాట కింద తను రాసిన అర్థాలను సగానికి కత్తిరించమని ఆఫీసులో పెద్దాయన చెప్పాడట. ఏది తీసెయ్యాలో తోచక కొట్టుకుంటోంది. పెద్దాయనకు ఎదురు చెప్పాలంటే నోటితో చెప్పాలి. ఆ పని తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టేవి.

నా తమ్ముడు సిల్వో మా లోయలో కొండ రక్షక జట్టుకు పెద్ద. తీగ మీద సామాన్లు పైకి పంపే మరను కూడా వాడే చూస్తాడు. అందుకని రెండు మూడు రోజులకోసారి నా దగ్గరికి వచ్చి సంకటీ జున్నూ తిని, కబుర్లు చెప్పి పోతాడు. మనసు వెన్న. కానీ వాడికో పాడు అలవాటుంది. మేనకోడలు మాట దగ్గర ఆగితే చాలు, ఆ వాక్యాన్ని తనే పూర్తి చేసేస్తాడు. సాయం చేస్తున్నాననుకుంటాడు. అది ‘ఉ... ఉ...’ అంటే ఉప్పు అందిస్తాడు. అది అడగబోయింది ఉత్తరపు గాలి గురించి. ఉప్పు పుచ్చుకుని ఊరుకునేది. నేను చూసి చూసి ఒకసారి కసిరాను.

“ఒరే, దాని మాట దాన్ని అననివ్వరాదూ?”

“అబ్బ, ఈలోగా చలికాలం వచ్చేస్తుందక్కా” అని నవ్వేశాడు. యెర్నేయ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పుడే యార్క్‌షైర్ నుంచి ఒక ముసలి జంట వచ్చి మా విడిదిలో దిగారు. ఆయన పేరు క్లిఫర్డ్, బస్సు నడిపి రిటైరైనవాడు. ఆవిడ డోరీన్. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వాళ్ళిద్దరికీ మా భాష రాదు, నాకు ఇంగ్లీషు రాదు. అయినా డోరీన్ వచ్చిన మర్నాడే నా వంటింట్లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని, నా గిన్నెలోంచి బంగాళాదుంప తీసి చెక్కు తీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మాకు మాటలతో పెద్దగా పని పడలేదు.

కనుమ దగ్గర, వెనకటి యుద్ధంలో సైనికులు కట్టుకున్న చిన్న చాపెల్, రాతి ప్రార్థన గది, ఉంది. దాన్ని చూసొస్తానని క్లిఫర్డ్ ఒక్కడే పొద్దున బయలుదేరాడు. మోకాళ్ళ వల్ల డోరీన్ ఆగిపోయింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానని ఆయన వేళ్ళతో గంట చూపించి మరీ వెళ్ళాడు. నేను బార్లీ, చిక్కుడు గింజలు, పొగబెట్టిన మాంసం వేసి కుండెడు రిచెట్ వండాను.

భోజనాల వేళకు లోయలోంచి పొగమంచు లేచింది. మొదట చెట్లు పోయాయి, తర్వాత గట్టు పోయింది, చివరికి నా వాకిట్లో బట్టలారేసిన తీగ కూడా కనపడలేదు. క్లిఫర్డ్ రాలేదు. డోరీన్ దుంపలు చెక్కడం ఆపి కిటికీ దగ్గర నిలబడింది. మర పని మీద వచ్చిన సిల్వో ఆవిడ మొహం చూసి, తినబోతున్న గిన్నె పక్కకు పెట్టి, తన జట్టును పైకి రమ్మని వైర్‌లెస్‌లో చెప్పాడు.

చాలాసేపటికి ఆవిడ ఫోను మోగింది. మా కొండల్లో ఫోను ఒక బండ మీద పలుకుతుంది, పక్క బండ మీద పలకదు. ఆవిడ “క్లిఫ్! క్లిఫ్!” అని అరిచింది, విన్నది, మళ్ళీ అరిచింది. అంతే, కట్టయిపోయింది. మళ్ళీ కలవలేదు.

సిల్వో ఇంగ్లీషు బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు. జట్టులో ఇంగ్లీషు బాగా వచ్చిన కుర్రాళ్ళు ఆ పూట ఇంకో కొండ మీద, కాలు విరిగిన పోలండు పిల్లను దింపుతున్నారు. యెర్నేయ మా పడక గదుల్లో దుప్పట్లు మారుస్తోంది. పిలవాలని సిల్వోకు తోచలేదు. నాకూ తోచలేదు. వాడు తన ఫోనులో అనువాదం చేసేది తెరిచి డోరీన్ నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ భర్త అన్న మాటలు ఒక్కొక్కటే చెప్పింది. ఫోనులోంచి ఒక ఆడ గొంతు తీరిగ్గా మా భాషలో పలికింది:

“నాకు చాపెల్ మీద బెంగగా ఉంది. రాళ్ళు ఇప్పుడే నా మీద బెంగపెట్టుకున్నాయి. నా కాలు మెలిపడింది.”

ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాళ్ళం.

“రాళ్ళ గొడవేంట్రా?” అన్నాను.

“దెబ్బ తగిలిన మనిషి, ఏదో అంటున్నాడు. మొదటి ముక్క చూడక్కా. చాపెల్ మీద బెంగన్నాడంటే చూసొచ్చాడనేగా? చూడని దాని మీద బెంగేంటి? చూసి, అటువైపు బీడు మీదుగా దిగుంటాడు. ఆ బీడంతా గోతులే. ఏదో గోతిలో కాలు పెట్టాడు.” అప్పటికే వాడు వైర్‌లెస్ తీసి, లోయలోంచి ఎక్కుతున్న తన మనుషులకు చెబుతున్నాడు. “బీడు వైపు పోండి. చాపెల్ నుంచి కిందికి వెతుక్కుంటూ రండి.”

ఫోను పలికిందీ, వాడన్నదీ పైనుంచి విని యెర్నేయ మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఇంకా దుప్పటి ఉంది.

“మావయ్యా, అ... అ...”

“అవునమ్మా, ఆలస్యమవుతోంది, తెలుసు.”

“కా... కాదు. చ... చ...”

“చలే. దుప్పట్లు తీసుకెళ్తున్నాంలే.”

యెర్నేయ మొహం ఎర్రబడింది. దుప్పటి కింద పడేసి, పొయ్యి మీది గరిట తీసుకుని, రిచెట్ కుండ మూత మీద ఫెడీమని కొట్టింది. సిల్వో వైర్‌లెస్ చెవి నుంచి దించాడు. ఆ పిల్ల కోపం చూడడం నాకదే మొదలు.

“న... నన్ను పూర్తి చెయ్యనీ” అంది.

మేము ఆగాం. ఆమె కళ్ళు మూసుకుంది. గొంతులో ఆ మాట కొట్టుకోవడం మాకు కనపడుతూనే ఉంది. సిల్వో పెదవులు కదిలాయి గానీ, వాడు ఈసారి పళ్ళ బిగువున ఊరుకున్నాడు.

“చాపెల్ ఆయన చూ... చూళ్ళేదు” అంది చివరికి.

తర్వాత డోరీన్ వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది. ఇంగ్లీషులోనూ నత్తి నత్తే. డోరీన్ మాత్రం ఆమె రెండు చేతులూ పట్టుకుని, ప్రతి మాటకూ తల ఊపుతూ వింది. విన్నాక గబగబా ఏదో చెప్పింది. యెర్నేయ మాకు చెప్పింది.

“చూళ్ళేదట. మంచులో ప... పక్కనుంచే దాటిపోయాట్ట. వాళ్ళ భాషలో బెంగకీ, గమనించకుండా దాటిపోడానికీ ఒకటే మాట మావయ్యా, ‘మ... మిస్’. నీ ఫోను బెంగనుకుంది. ‘పోగ్రేషమ్’ కాదు, ‘జ్‌గ్రేషిల్’.”

మా భాషలో ఆ రెండు మాటలూ తప్పు అన్న ఒకే వేరు నుంచి మొలిచినవే. ఒకటి మనిషి లేని లోటు. రెండోది దారి తప్పడం.

“మరి రాళ్ళు?” అన్నాడు సిల్వో.

“అదీ అంతే. ఆయన మీదికి దొర్లాయి. వెం... వెంట్రుకవాసిలో తప్పాయి.”

సిల్వో గోడ మీది కొండదారుల పటం దగ్గరికి వెళ్ళలేదు. వాడికి ఆ కొండ అంతా కళ్ళలోనే ఉంది. బల్ల అంచు పట్టుకుని, “ఎర్రగోడ” అన్నాడు మెల్లగా.

కనుమకు ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే చాపెల్. అది గమనించకుండా కుడికి పోతే, సైనికులు కంచర గాడిదల కోసం తొలిచిన పాత బాట. ఎర్రగోడ అనే కొండ చరియ కిందుగా పోతుంది. పైన అడవి మేకలు పరిగెత్తినప్పుడల్లా ఆ బాట మీద రాళ్ళు రాలతాయి. ఆ బాట సగం పోయాక తెగిపోయింది. తెగిన చోట కింద ఏమీ లేదు.

సిల్వో వైర్‌లెస్‌లో అరిచాడు. “బీడు వద్దు! వెనక్కి తిరగండి! ఎర్రగోడ బాట! తాళ్ళు తీసుకురండి!” వాళ్ళు అప్పటికే బీడు దారి పట్టేశారు. తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు. హెలికాప్టరు ఆ మంచులో ఎగరదు. వాడు తన సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, మేనకోడలి వైపు చూశాడు.

“ఆయన కదిలితే పోతాడే. కదలొద్దని ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు కావాలి నాకు.”

“నే... నేనా?” అంది యెర్నేయ.

“ఇంకెవరున్నారే తల్లీ?”

నా బూట్లు వేసుకుని వెళ్ళింది. తన బూట్లు ఎక్కడున్నాయో వెతుక్కునే వ్యవధి కూడా లేదు.

ఆ తర్వాత కొండ మీద జరిగింది నేను చూడలేదు. ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు, ఇద్దరి మాటా కలిసింది. చీలిక దాకా సిల్వో ముందు నడిచాడట, ఆమె వాడి సంచీ పట్టీ పట్టుకుని వెనక. చరియ కిందికి వచ్చాక వాడు ఆగి, “పిలు” అన్నాడు. యెర్నేయ “క్లిఫర్డ్!” అని పిలిచింది. విచిత్రంగా ఆ పేరు అడ్డు లేకుండా వచ్చిందట. మంచులోంచి, వాళ్ళకు కాస్త దిగువ నుంచి, “హలో!” అని వినిపించింది. చాలా దగ్గరగా. వెంటనే రాళ్ళు జారుతున్న చప్పుడు. మనిషి గొంతు వినేసరికి ఆ ముసలాయన లేచి, ఆ గొంతు వైపు కుంటుకుంటూ వస్తున్నాడు. ఆయన దాటాక దొర్లిన రాళ్ళు బాటను తుడిచిపెట్టేశాయి, ఆయనకూ వీళ్ళకూ మధ్య ఇప్పుడు బాట లేదు. ఆ సంగతి మంచులో ఆయనకు తెలియదు.

సిల్వో యెర్నేయ భుజం పట్టుకున్నాడు. ఈసారి ఆమె వాక్యం పూర్తి చెయ్యడం వాడి తరం కాదు. ఆ భాషలో వాడికున్న నాలుగు ముక్కలూ ఆ క్షణాన నోటికి రాలేదు.

యెర్నేయ ‘స్టాప్’ అనబోయింది. ‘స’ దగ్గర గొంతు పట్టేసింది. రాళ్ళు జారుతున్నాయి. ‘డోంట్ మూవ్’ అనబోయింది. అదీ రాలేదు. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే మళ్ళీ చేసింది. రానిదాన్ని వదిలేసి దాని పక్క మాటను పట్టుకుంది.

“వెయిట్!” అని కేక పెట్టింది. కొండంతా మారుమోగేటంత కేక. “వెయిట్, క్లిఫర్డ్! వెయిట్!”

చప్పుడు ఆగింది.

కాసేపటికి ఆయన, “సరేనమ్మా, ఆగాను” అన్నాడు.

తాళ్ళు మోసుకొచ్చే వాళ్ళ కోసం ఎదురుచూడాలి. ఒక్కడే దిగడం ఇద్దరికీ ముప్పని సిల్వోకు తెలుసు. అంతసేపూ ఆయన భయపడి కదలకుండా, చలికి మగత కమ్మకుండా మాట్లాడిస్తూ ఉండాలి. యెర్నేయ ఒక బండ మీద కూర్చుని మాట్లాడింది. బాట తెగిపోయిన సంగతి చెప్పింది. వీపు గోడకు ఆనించి కూర్చోమంది. తల మీద సంచీ పెట్టుకోమంది. మధ్యలో ఒక మాట దగ్గర బాగా ఇరుక్కుపోయింది. ఎంతకీ రాదు. “స... సారీ” అంది.

కింది నుంచి ఆయన నింపాదిగా అన్నాడట: “నువ్వు తాపీగా చెప్పమ్మా. నేనెక్కడికీ పోవడం లేదుగా.”

యెర్నేయకు నవ్వొచ్చింది. ఆ మంచులో, ఆ చరియ అంచున పగలబడి నవ్వింది. కింద ఆయనా నవ్వాడు. ఏం జరిగిందో తెలియక సిల్వో ఇద్దరికీ మతి పోయిందనుకున్నాడు. ఆ తర్వాత తనకు మాట్లాడ్డం భయం వెయ్యలేదని ఆమె నాతో చెప్పింది. నత్తి పోలేదు, భయం పోయింది. ఆయన నడిపిన బస్సు దారిలో ఏయే స్టాపులొస్తాయో అడిగింది. ఆయన ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఏ స్టాపులో ఎవరెక్కేవాళ్ళో, ఎవరు చిల్లర లేదని తగాదా పడేవాళ్ళో. డోరీన్ కూడా అలా ఒక స్టాపులో ఎక్కిన మనిషేనట.

తాళ్ళు వచ్చాయి. సిల్వోనే దిగాడు. ఎలా కూర్చోవాలో, ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో పైనుంచి యెర్నేయ చెబుతుంటే, కింద ఆ ముసలాయన చెప్పినట్టల్లా చేశాడు. ఇంకా వెలుతురుండగానే స్ట్రెచర్ మీద మోసుకుని నా విడిదికి తెచ్చారు.

డోరీన్ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ముందు ఆయన టోపీ లాగి దాంతోనే ఒకటిచ్చింది. తర్వాత ఆ తడి టోపీని గుండెకు అదుముకుని ఏదో తిట్టింది. ఆయన తల దించుకున్నాడు.

“ఏమంటోందే?” అన్నాను.

యెర్నేయ చలికి వణుకుతూ, రిచెట్ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఉంది. “భోజనం మిస్ అయ్యావంటోంది పిన్నీ. వేళ దాటిపోయాక వ... వచ్చాడని.”

“ఇది కూడా బెంగేనా?” అన్నాడు సిల్వో తాళ్ళు చుడుతూ.

“కాదు, ఇది ‘జమూదిల్’” అంది. “మూడోది.”

జట్టంతా ఒక్కసారిగా నవ్వారు. నేను బ్లూబెర్రీ సారా సీసా దించాను. క్లిఫర్డ్ చీలమండ విరగలేదు, బాగా వాచింది. మర్నాడు కిందికి దింపి డాక్టరుకు చూపించారు. వెళ్ళేముందు ఆయన యెర్నేయ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. అది నాకు చెప్పమంటే ఆమె చెప్పలేదు. నత్తి వల్ల కాదు, తన దగ్గరే ఉంచుకుందామని.

ల్యూబ్లియానా వెళ్ళాక యెర్నేయ పెద్దాయన గదిలోకి వెళ్ళి, ఆ మాటను సగానికి కత్తిరించడం కుదరదని నోటితోనే చెప్పిందట. ఆయన గడియారం చూసుకున్నాడట. చూసుకోనీ అని ఈమె తన మాట పూర్తయ్యేదాకా నిలబడింది. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. కొంత పోయింది, కొంత మిగిలింది. పోయినవి మరీ అంత ముఖ్యమైనవి కావులే పిన్నీ అని ఫోనులో చెప్పింది. ఆ గొంతులో దిగులు లేదు.

శీతాకాలం ముందు విడిది మూసే వారం, జట్టు వాళ్ళు యెర్నేయను పిలిపించారు. ఆపదలో ఉన్నవాళ్ళు ఇంగ్లీషులో ఏమేం అంటారో, అవి ఎలా పొరబడే వీలుందో నేర్పమని. పిలిపించింది సిల్వోనే. నా పెద్ద బల్ల చుట్టూ ఆ భారీ మనుషులంతా బడిపిల్లల్లా కూర్చున్నారు. యెర్నేయ పొయ్యి ముందు నిలబడింది. మొదటి మాట దగ్గరే గట్టిగా ఆగిపోయింది.

ఎవరూ కదలలేదు. ఒకడు దగ్గబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సిల్వో చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, ఆమె మొహంలోకి చూస్తూ, ఎంతసేపైనా సరేనన్నట్టు. పొయ్యిలో కట్టె విరిగి కూలింది. ఆమె ఊపిరి తీసుకుంది. మాట వచ్చింది. దాని వెనకే తక్కినవీ వచ్చాయి. వాళ్ళు ప్రశ్నలడగడం మొదలుపెట్టాక, ఎవరి సూపు వాళ్ళు వేడిగా తాగండర్రా అని నేను ఎంత అరిచినా ఒక్కడూ వినలేదు.